గాలివాన జాడ

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణము మీదికి సముద్రము వచ్చిపడినది. గాలివాన తోసికొనివచ్చిన నీరు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు లేచి పట్టణమును, చుట్టుపట్లనున్న పల్లెలను ముంచివేసెను. ముప్పదివేలమంది మరణించిరని ఆనాటి లెక్కలు తెలుపుచున్నవి. మబ్బు పట్టినదనియు, గాలి పెరుగుచున్నదనియు తప్ప, సముద్రము మీద ఏమి జరుగుచున్నదో తెలిసికొనుటకు పట్టణవాసులకు ఏ సాధనమును లేకుండెను.

దాదాపు 150 సంవత్సరముల పిమ్మట, 2014 అక్టోబరు 12వ తేదీ మధ్యాహ్నము, మరియొక గాలివాన విశాఖపట్టణమును తాకినది. దానికి హుద్‌హుద్ అని పేరు. గంటకు 185 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి చెట్లు, విద్యుత్ స్తంభములు, ఇండ్ల కప్పులు కూలినవి. విమానాశ్రయము పాడైనది. నగరము కొన్ని దినములపాటు చీకటిలో ఉండిపోయినది. ఇంత జరిగియు ఆంధ్రప్రదేశమున చనిపోయినవారి సంఖ్య నూరునకు లోపుగనే నిలిచినది. ఏలయన, ఆ గాలివాన ఎక్కడ పుట్టినదో, ఏ దారిని వచ్చుచున్నదో నాలుగైదు దినములు ముందుగనే తెలిసియుండెను. లక్షకు పైగా ప్రజలు గాలి రాకముందే తీరమును విడిచి మెరక ప్రదేశములకు చేరిరి.

కంటికి కానరాని దూరమున, నడిసముద్రములో పుట్టిన గాలివాన జాడను శాస్త్రజ్ఞులు ఎట్లు తీయుదురు? ఇది తెలియవలెనన్న, ముందు గాలివాన ఎట్లు పుట్టునో తెలియవలెను.

గాలివాన పుట్టుక

వేసవిలో కూజాకు తడిగుడ్డ చుట్టినచో లోపలి నీరు చల్లబడును. గుడ్డలోని నీరు ఆవిరి అగుచు వేడిని తీసికొనిపోవుటయే దీనికి కారణము. ఒక గ్రాము నీరు ఆవిరి అగుటకు సుమారు 580 కేలరీల వేడి కావలెను. ఆ వేడి నశించిపోదు, ఆవిరిలో దాగియుండును. ఆవిరి మరల నీటిబొట్టుగా మారినప్పుడు అదియంతయు బయటపడును. గాలివానకు బలమిచ్చునది ఈ దాగిన వేడియే.

సముద్రపు పైనీరు 26 లేక 27 డిగ్రీల సెంటిగ్రేడునకు మించి వేడెక్కి, ఆ వేడి కొన్ని పదుల మీటర్ల లోతువరకు వ్యాపించియున్నచో, నీరు విస్తారముగా ఆవిరి అగును. తేమతో నిండిన వేడిగాలి తేలికగుటచే పైకి లేచును. పైకి పోయినకొలది చల్లబడి మేఘమగును. అప్పుడు దాగిన వేడి విడుదలయై, చుట్టునున్న గాలిని మరింత వేడిచేసి, మరింత పైకి లేపును. గాలి పైకి లేచిన చోట సముద్రమట్టమున వాయుపీడనము తగ్గును. తగ్గినచోటికి నలుదిక్కుల నుండి గాలి పరుగెత్తుకొని వచ్చును. వచ్చునప్పుడు సముద్రము నుండి మరికొంత తేమను మోసికొని వచ్చును. ఇట్లు పొయ్యి తన కట్టెలను తానే లాగికొనును.

అయితే గాలి తిన్నగా కేంద్రమునకు చేరదు. భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటచేత, ఉత్తరార్ధగోళమున కదలు గాలి కుడివైపునకు ఒరిగిపోవును. నలువైపుల నుండి వచ్చుగాలులన్నియు ఇట్లు ఒరుగుటచేత, కేంద్రము చుట్టు గడియారపు ముండ్లకు ఎదురుదిశలో తిరుగు సుడి ఏర్పడును. భూమధ్యరేఖకు మిక్కిలి చేరువలో ఈ ఒరుగుదల అత్యల్పము. అందుచేతనే సుమారు అయిదు డిగ్రీల అక్షాంశమునకు లోపల గాలివానలు పుట్టుట అరుదు.

ఇంకొక నియమమును కలదు. క్రింది గాలియు, పైగాలియు దాదాపు ఒకే తీరున వీచుచుండవలెను. పొయ్యి నుండి నిట్టనిలువుగా లేచు పొగ, పైన గాలి వీచినంతనే ఒక ప్రక్కకు వాలి చెదరిపోవును గదా. మేఘస్తంభము గతియు అట్టిదే. నైరుతి ఋతుపవనములు ముమ్మరముగా వీచు జులై, ఆగస్టు నెలలలో క్రింద పడమటిగాలి, పైన బలమైన తూర్పుగాలి వీచుటచేత మేఘస్తంభము నిలువజాలదు. కనుక బంగాళాఖాతమున పెద్ద గాలివానలు ఋతుపవనములకు ముందు మే నెల ప్రాంతమునను, తరువాత అక్టోబరు మొదలు డిసెంబరు వరకును ఎక్కువగా వచ్చును.

బాగుగా ముదిరిన గాలివాన నడుమ ఒక ‘కన్ను’ ఏర్పడును. ఇది సాధారణముగా 20 మొదలు 50 కిలోమీటర్ల వెడల్పు ఉండును. అందులో గాలి దాదాపు ఉండదు; ఒక్కొక్కప్పుడు ఆకాశము కూడ కనబడును. కంటి చుట్టు గోడవలె నిలిచిన మేఘముల క్రిందనే గాలి అత్యంత వేగముగా వీచును.

ఈ సుడినే అట్లాంటిక్ సముద్రమున హరికేనని, పసిఫిక్ మహాసముద్రపు పడమటి భాగమున టైఫూనని, హిందూమహాసముద్రమున సైక్లోనని అందురు. సైక్లోన్ అను మాట పుట్టినది కలకత్తాలో. నావికుల దినచర్య పుస్తకములను సేకరించి గాలివానల దారులను గుర్తించిన హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు, పాము చుట్టను స్ఫురింపజేయు గ్రీకు పదము నుండి 1848లో ఈ పేరు పెట్టెను.

హుద్‌హుద్ ప్రయాణము

గాలివేగమును బట్టి భారత వాతావరణశాఖ ఈ సుడులకు మెట్లు ఏర్పరచినది. అల్పపీడనము మొదటిమెట్టు. గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరినచో వాయుగుండము. 51కి చేరినచో తీవ్ర వాయుగుండము. 63కి చేరినచో తుపాను. 89 వద్ద తీవ్ర తుపాను, 118 వద్ద అతితీవ్ర తుపాను అగును. 222 దాటినదానిని సూపర్ సైక్లోన్ అందురు. 1999 అక్టోబరు 29వ తేదీన ఒరిస్సాలో పారాదీపు చెంత తీరము తాకినది అట్టిదే.

హుద్‌హుద్ ఈ మెట్లను ఎట్లు ఎక్కినదో చూచినచో గాలివాన జీవితము తెలియగలదు. 2014 అక్టోబరు 6వ తేదీన అండమాను సముద్రపు ఉత్తరభాగమున అల్పపీడనము కనబడినది. 7వ తేదీ ఉదయమునకు అది వాయుగుండమైనది. 8వ తేదీ ఉదయము తుపానై, అండమాను దీవులలోని లాంగ్ ఐలండు వద్ద దీవులను దాటి బంగాళాఖాతమున ప్రవేశించినది. 9వ తేదీ తీవ్ర తుపాను, 10వ తేదీ అతితీవ్ర తుపాను అయినది. 12వ తేదీ ఉదయమునకు దాని కేంద్రమున వాయుపీడనము 950 మిల్లీబారులకు దిగినది. సముద్రమట్టమున మామూలు పీడనము 1,010 మిల్లీబారుల ప్రాంతమున ఉండును. ఆనాటి మధ్యాహ్నము 12, 1 గంటల నడుమ అది విశాఖపట్టణమువద్ద తీరము దాటెను.

అండమాను నుండి విశాఖకు దాదాపు 1,200 కిలోమీటర్లు. ఈ దూరమును నడచుటకు హుద్‌హుద్ నాలుగు దినములకు పైగా తీసికొనినది. అనగా గంటకు సగటున 12 కిలోమీటర్లు. సైకిలు తొక్కువాని వేగమునకు మించదు. బొంగరము తనచుట్టు తాను ఎంత వేగముగ తిరిగినను నేలమీద మెల్లగా జరుగును. గాలివానయు అంతే. ఈ మెల్లని నడకయే మానవునకు వ్యవధి నిచ్చుచున్నది. ఆ వ్యవధిని ఉపయోగించుకొనవలెనన్న, బొంగరము ఇప్పుడు ఎక్కడ ఉన్నదో క్షణక్షణము తెలియుచుండవలెను.

సముద్రము మీద కాపలా

తొలికాలమున ఈ పని ఓడలది. డచ్చి శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ 1857లో ఒక సులభ నియమమును ప్రకటించెను. ఉత్తరార్ధగోళమున గాలికి వీపుపెట్టి నిలిచినచో అల్పపీడన కేంద్రము ఎడమచేతి వైపున ఉండును. ఈ నియమమును, బారోమీటరును నమ్ముకొని నావికులు సుడిని తప్పించుకొనుచుండిరి. తంతివార్తలు, పిమ్మట రేడియో వచ్చినతరువాత ఓడల వార్తలు తీరమునకు చేరసాగినవి. అయితే ఇందులో ఒక చిక్కు కలదు. గాలివాన ఉన్నదని తెలిసిన చోటికి ఏ ఓడయు పోదు. వార్త ఎక్కడినుండి ఎక్కువ అవసరమో అక్కడినుండియే రాకుండెను.

1943 జులై 27వ తేదీన జోసెఫ్ డక్‌వర్త్ అను అమెరికా వైమానికుడు టెక్సాస్ తీరమున ఒక హరికేన్ కంటిలోనికి విమానము నడిపి క్షేమముగా తిరిగివచ్చెను. అప్పటినుండి అట్లాంటిక్ సముద్రమున విమానములు గాలివానలలోనికి పోయి, గొట్టములవంటి పరికరములను జారవిడిచి పీడనము, గాలి, తేమ కొలుచుచున్నవి. బంగాళాఖాతపు కాపలా మాత్రము ముఖ్యముగా ఉపగ్రహములపైనను, రాడారులపైనను, సముద్రమున లంగరువేసిన తేలుడు పరికరములపైనను ఆధారపడియున్నది.

మొదటి వాతావరణ ఉపగ్రహము టైరోస్-1ను అమెరికా 1960 ఏప్రిల్ 1వ తేదీన పంపినది. నేడు ఇన్సాట్ తరగతి ఉపగ్రహములు భూమధ్యరేఖకు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితోపాటు తిరుగుచు, ఒకే చోట నిలిచినట్లు ఉండి, అరగంటకొకసారి బంగాళాఖాతపు చిత్రమును పంపగలవు. రాత్రివేళ వెలుతురు లేకున్నను పరారుణ కిరణములచేత మేఘముల పైభాగపు ఉష్ణోగ్రతను కొలువవచ్చును. పైభాగము ఎంత చల్లగానున్న మేఘము అంత ఎత్తు లేచినదని అర్థము.

చిత్రమును చూచి గాలివేగము చెప్పుట ఎట్లు? అమెరికా శాస్త్రజ్ఞుడు వెర్నన్ డ్వోరాక్ 1970 ప్రాంతమున దీనికి ఉపాయము కనుగొనెను. మేఘముల పట్టీ కేంద్రము చుట్టు ఎంతమేరకు చుట్టుకొనినది, కన్ను ఎంత స్పష్టముగా ఉన్నది, కంటికిని చుట్టునున్న మేఘములకును ఉష్ణోగ్రతలో ఎంత భేదమున్నది అను విషయములను బట్టి సుడికి 1 మొదలు 8 వరకు ఒక అంకె నిచ్చుదురు. 2.5 వచ్చినచో తుపాను. 4 దాటినచో అతితీవ్ర తుపాను. సాధారణముగా పెరుగు సుడికి దినమునకు ఒక అంకె చొప్పున హెచ్చును. వైద్యుడు నాడిని బట్టి జ్వరము చెప్పినట్లు, వాతావరణ శాస్త్రజ్ఞుడు మేఘపు చుట్టను బట్టి గాలి బలమును చెప్పును.

గాలివాన తీరమునకు సుమారు 400 కిలోమీటర్ల దూరమునకు వచ్చినప్పుడు రాడారుల వంతు వచ్చును. రాడారు పంపిన రేడియో తరంగములు వానబొట్టులపై పడి తిరిగివచ్చును. వచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరము తెలియును. భారతదేశమున మొదటి తుపాను రాడారును 1970లో విశాఖపట్టణమున నెలకొల్పిరి. ఇప్పటి డాప్లర్ రాడారులు వానబొట్టులు దగ్గరగుచున్నవో, దూరమగుచున్నవో కూడ చెప్పగలవు. ఎదురువచ్చు రైలుకూత హెచ్చుగాను, దాటిపోయిన రైలుకూత తగ్గుగాను వినబడు సూత్రమే ఇందును ఉన్నది. రాడారునకును హద్దు కలదు. భూమి గుండ్రముగా ఉండుటచేత 400 కిలోమీటర్ల దూరమున దాని కిరణము నేలకు తొమ్మిది, పది కిలోమీటర్ల ఎత్తున పోవును. అంత దూరమున మేఘముల తలలే కనబడును. దగ్గరకు వచ్చినకొలది నడుము, పాదములు కనబడును.

దారి చెప్పుట

ఇప్పుడు ఎక్కడ ఉన్నదో తెలిసిన మాత్రమున రేపు ఎక్కడ ఉండునో తెలియదు. గాలివాన తన ఇచ్చ వచ్చినట్లు నడవదు. ఏటిలో పడిన ఆకువలె చుట్టునున్న పెద్దగాలుల ప్రవాహమున కొట్టుకొనిపోవును. కనుక ఆ పెద్దగాలులను కొలువవలెను. దీనికై దేశదేశములందు దినమునకు రెండుసార్లు, భారత కాలమానము ప్రకారము ఉదయము 5-30కు, సాయంకాలము 5-30కు, పరికరములు కట్టిన బెలూనులను ఒకేసారి ఎగురవేయుదురు. ఈ కొలతలను, ఉపగ్రహముల కొలతలను పెద్ద కంప్యూటరులకు ఇచ్చినచో, అవి వాతావరణమును గళ్లుగళ్లుగా విభజించి, గంటగంటకు ఏ గడిలో ఏమి జరుగునో భౌతికశాస్త్ర నియమముల ప్రకారము లెక్కకట్టును.

కొలతలలో చిన్న దోషమున్నను రెండు, మూడు దినములలో అది పెద్దదగును. కనుక ఒకే లెక్కను కొలతలు కొంచెము కొంచెముగా మార్చి అనేక పర్యాయములు వేయుదురు. దారులన్నియు ఒకచోట కలిసినచో నమ్మకము హెచ్చు. విడిపోయినచో జాగ్రత్త హెచ్చు. తుపాను పటములలో దారి ముందుకు పోయినకొలది చేటవలె వెడల్పగుటకు కారణమిదియే. ఆ చేట తుపాను పరిమాణము కాదు. కేంద్రము ఉండదగిన చోట్ల మేర మాత్రమే. నేడు 24 గంటల ముందు చెప్పిన చోటునకును, కేంద్రము నిజముగా చేరిన చోటునకును భేదము సగటున నూరు కిలోమీటర్లకు లోపుగా ఉండుచున్నది.

కొన్ని కిలోమీటర్ల తేడా

నూరు కిలోమీటర్లు పటముమీద వేలెడు కాదు. నేలమీద అది ఒక జిల్లా. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన గాలివాన కేంద్రము చీరాల చెంత తీరము దాటినది. అయితే ఘోరమరణములు జరిగినది చీరాలలో కాదు. అక్కడికి ఈశాన్యమున, కృష్ణ ముఖద్వారమున నున్న దివిసీమలో. అయిదు మీటర్ల ఎత్తు ఉప్పెన వచ్చి పల్లెలకు పల్లెలను ఊడ్చుకొనిపోయినది. పదివేలమంది వరకు మరణించిరి.

ఇట్లేల జరిగినది? సుడి గడియారపు ముండ్లకు ఎదురుగా తిరుగునని పైన చెప్పబడినది. పడమటికి నడచుచున్న సుడికి ఉత్తరపు అంచున గాలి తూర్పు నుండి, అనగా సముద్రము నుండి నేలమీదికి వీచును. దక్షిణపు అంచున నేల నుండి సముద్రములోనికి వీచును. కనుక కోస్తా తీరమున కేంద్రము దాటు చోటునకు ఉత్తరముగా నున్నవారికి ఉప్పెన భయము హెచ్చు. కృష్ణా గోదావరుల ముఖద్వారముల వద్ద సముద్రము లోతు తక్కువ, నేల పల్లము. లోతైన సముద్రములో తోయబడిన నీరు అడుగునకు జారి వెనుకకు పోగలదు. లోతు లేనిచోట దానికి దారి లేక నేలమీదికి ఎక్కును.

1977లో గాలివాన వచ్చుచున్నదని తెలియకపోలేదు. ఆకాశవాణి చెప్పకపోలేదు. కాని నీరు ఏ పల్లెను ఎంత ఎత్తున ముంచునో చెప్పుటకు లెక్కలు లేకుండెను. చెప్పినను పోయి తలదాచుకొనుటకు పక్కా కట్టడములు అరుదు. తరువాత తీరము పొడవున తుపాను రక్షిత భవనములు వెలసినవి. నేడు ఉప్పెన ఎత్తును ముందుగా లెక్కకట్టి చెప్పు పనిలో హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రము పాలుపంచుకొనుచున్నది.

హెచ్చరికల భాష

1864లో మచిలీపట్టణముతోపాటు కలకత్తాయు గాలివానకు బలియైనది. ఆ మరుసటి సంవత్సరమే కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలైనవి. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడినది. రేవులలో నేటికిని పగలు ఆకారములను, రాత్రి దీపములను కట్టి ఎగురవేయు హెచ్చరికలు 1 మొదలు 11 వరకు ఉన్నవి. పత్రికలలో కనబడు ‘మూడవ నంబరు ప్రమాద సూచిక’ మొదలైన మాటలకు మూలమిదియే. 1, 2 అంకెలు దూరపు సముద్రమునకు సంబంధించినవి. 3, 4 అంకెలు రేవునకే ముప్పు రావచ్చునని తెలుపును. 5, 6, 7 ప్రమాదమును, 8, 9, 10 మహాప్రమాదమును తెలుపును. ఈ మూడేసి అంకెలలో భేదము దారిని బట్టి: తుపాను రేవునకు ఏ ప్రక్కగా పోవునో, లేక రేవు మీదుగనే పోవునో ఆ అంకె చెప్పును. 11వ అంకెకు మాత్రము అర్థము వేరు. హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినదని దాని భావము. వార్త రాకపోవుటయే అన్నిటికంటె పెద్ద ప్రమాదమని పూర్వులు గుర్తించిరి.

ప్రజలకు మరియొక వరుస కలదు. 48 గంటల ముందు పసుపుపచ్చ రంగుతో అప్రమత్తత, 24 గంటల ముందు నారింజరంగుతో హెచ్చరిక, 12 గంటల ముందు ఎరుపురంగుతో తీరము దాటిన తరువాతి స్థితి ప్రకటింపబడును. 2004 నుండి ఈ సముద్రములలోని తుపానులకు పేర్లును పెట్టుచున్నారు. తీరదేశములు ముందుగనే ఇచ్చిన పట్టికల నుండి పేర్లను వరుసగా తీసికొందురు. హుద్‌హుద్ అను పక్షి పేరు ఒమాన్ దేశమిచ్చినది. అంకెలకన్న పేరు జనుల నోట త్వరగా నిలుచును.

మిగిలిన చిక్కులు

దారి చెప్పుటలో కలిగిన అభివృద్ధి బలము చెప్పుటలో ఇంకను కలుగలేదు. కొన్ని సుడులు ఒక్క దినములో ఊహింపని బలము తెచ్చుకొనును. 2017 నవంబరు నెలాఖరున కన్యాకుమారి చెంత ఓఖీ ఒక్క దినములో వాయుగుండము నుండి తుపానైనది. అప్పటికే లోతు సముద్రమునకు పోయిన తమిళనాడు, కేరళ జాలరులలో అనేకులు తిరిగి రాలేదు. తీరమున వార్త ఉన్నంతమాత్రమున చాలదు, పడవలోనివానికి చేరవలెను.

తీరము దాటినను గాలివాన పని ముగియదు. వెచ్చని నీరు దొరకక గాలి బలహీనపడును గాని తేమ మిగిలియుండును. హుద్‌హుద్ మిగిల్చిన తేమ ఉత్తరమునకు పోయి, 2014 అక్టోబరు 14వ తేదీన నేపాలు పర్వతములలో మంచుగా కురిసినది. అక్కడ నలువదిమందికి పైగా మరణించిరి.

గాలివాన జాడను ఉపగ్రహము చూచును, రాడారు చూచును. చివరి గంటలలో తన ఇంటివద్ద నున్న మనుష్యుడును చూడవచ్చును. కోస్తా తీరమున తుపాను సమీపించునప్పుడు మొదట ఉత్తరపు గాలి వీచును. అది తూర్పునకు తిరిగినచో కేంద్రము దక్షిణముగా పోవుచున్నది. సముద్రపు నీటి భయము ఆ వైపునే కలదు. పడమటికి తిరిగినచో కేంద్రము ఉత్తరముగా పోవుచున్నది. గాలి ఏ వైపునకు తిరుగక, ఒక్కసారిగా ఆగిపోయినచో, అది గాలివాన ముగిసినదనుటకు గుర్తు కాదు. కన్ను తలమీదికి వచ్చినదని అర్థము. పావుగంటకో, గంటకో రెండవ గోడ వచ్చును. అప్పుడు గాలి దక్షిణము నుండి, మొదటిదానికి ఎదురుగా, అంతే బలముతో వీచును. మొదటి గాలికి కదిలిన గోడలు రెండవ గాలికి కూలును. కూలిన పాకను చూచుకొనుటకు, తప్పిపోయిన పశువును వెదకుటకు ఆ నిశ్శబ్దమున బయటికి పోయినవారు దాని నడుమ చిక్కుకొందురు. గాలి ఆగినను, ముప్పు తొలగినదని ప్రకటన వచ్చువరకు లోపలనే ఉండవలెను.